లోంగ్ వాళ్ళ తెల్లరాయి

ఆ బురుజు పక్కన చెట్లకి మా కొండ మిరియాలు ఎర్రగా విరగ్గాసి ఉన్నాయి, ఒక్కరూ కొయ్యరేమిటని పొద్దున అడిగావు కదమ్మా, ఇప్పుడు చెబుతాను, కూర్చో. అందరూ కూర్చోండి. నువ్వు మాత్రం కాళ్ళు వెనక్కి లాక్కో నాయనా. ఆ పొయ్యిలో ఉన్న ఇనుప ముక్కాలి మా ఇళ్ళల్లో దేవుడితో సమానం, దాన్ని దాటకూడదు, కాలు తగలనివ్వకూడదు, దాని మీద తడిగుడ్డలు ఆరెయ్యకూడదు. మీరు మైదానం నుంచి కోతలకి వచ్చినవాళ్ళు, మీకు తెలీదు, తప్పు లేదు. తెలిసీ తప్పు చేసినవాడి సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

అక్రోటు తోపు దాటాక కొండ కొసన నిలబడి ఉంటుందే, రాళ్ళూ మట్టీ పేర్చి దేవదారు చెట్ల కంటే ఎత్తుగా కట్టింది, అది లోంగ్ వాళ్ళ బురుజు. పూర్వం దోపిడీవాళ్ళు వస్తే మా చియాంగ్ వాళ్ళు పిల్లల్నీ గొర్రెల్నీ తీసుకుని ఇలాంటి బురుజుల్లోకి ఎక్కి తలుపు మూసుకునేవాళ్ళు. లోంగ్ వాళ్ళు ఏదో జ్వరం వచ్చి ఒకళ్ళ వెనక ఒకళ్ళు పోయారు, ఆఖరికి ఒక ముసలావిడ మిగిలి, ఆవిడ కూడా పోయింది. అప్పట్నుంచి అటు మేకలు కూడా పోవు. మీరు నడిచే దారి చూడండి, నేరుగా పోతే దగ్గర, అయినా చుట్టు తిరిగే పోతుంది. దారికి భయమేమిటి అంటారా? దారి వేసింది మనుషుల కాళ్ళే కదా.

సరే. ఇప్పుడు షూలాన్ సంగతికి వస్తాను. షూలాన్ అంటే ఈ ఊళ్ళోనే యూ వాళ్ళింటి పెద్దావిడ, మొగుడు పోయాక మేకల్నీ మిరియాల తోటనీ ఒంటిచేత్తో నిలబెట్టింది. ఒక్కడే కొడుకు, తెంగ్‌ఫా. వాడికి ఏటి దిగువ ఊరి నుంచి చిన్‌మెయ్ అనే పిల్లని తెచ్చి పెళ్ళి చేసింది, కొత్తగా మిద్దె ఇల్లు కట్టించింది. గోడలు లేచాయి, దూలాలు పడ్డాయి, మిద్దె మీద మట్టి కొట్టించారు, ఇంక మిగిలింది తెల్లరాయి. మా ఇళ్ళ మిద్దెల మీద మూలల్లో తెల్లరాళ్ళు చూశారు కదా, అవి అందానికి పెట్టినవి అనుకున్నారేమో. కాదు. ఆకాశదేవుడు కూర్చునేది దాని మీద, ఇంటి పెద్దలు చనిపోయాక దిగేది దాని దగ్గరికి. ఇంటి మగవాడు ఉపవాసం ఉండి మంచు అంచు దాకా ఎక్కి, ఎవరూ ముట్టని రాయి వెతికి, నేల మీద దించకుండా మోసుకు రావాలి. షిబీ, అంటే మా పూజారి, దానికి కోడిపుంజు నెత్తురు చూపించి పైన పెడతాడు.

తెంగ్‌ఫా బయల్దేరాడు. మంచు అంచు దాకా పోయాడా? సగం దారిలో గొర్రెల కాపరులు కనిపించారట, బార్లీ కల్లు బాన తెరిచి ఉందట, పీల్చుకు తాగే వెదురు గొట్టం చేతికిచ్చారట, ఇక చెప్పేదేముంది. మత్తు దిగేసరికి పొద్దు వాలింది, మర్నాడే గృహప్రవేశం, చుట్టాలంతా వచ్చేసి ఉన్నారు. ఏం చెయ్యాలా అని నడుస్తూ నడుస్తూ లోంగ్ వాళ్ళ బురుజు దగ్గరికి వచ్చాడు. నెర్రెలు విచ్చిన గోడ పట్టుకుని పైకి ఎక్కాడు, అక్కడ మిసమిసలాడుతూ తెల్లరాయి, అడిగేవాళ్ళు లేరు. ఎత్తుకొచ్చాడు. ఇది షూలాన్‌కి తెలీదు, షిబీకి తెలీదు, ఊరికి తెలీదు. షిబీ పుంజుని కోసి రాయిని మిద్దె మీద పెట్టాడు, అందరూ తాగారు, ఆడారు, వెళ్ళారు.

తర్వాతేమైంది? పొయ్యికి ఎగువన, దేవుడి గూడు ఎదురుగా ఉండే చోటు ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళది. షూలాన్ అక్కడ గొర్రెతోలు పరుచుకుని కూర్చునేది. ఒక పొద్దున లేచి చూస్తే ఆ తోలు మధ్యలో గుంట పడి ఉంది, అప్పటిదాకా ఎవరో కూర్చుని లేచినట్టు. చెయ్యి పెడితే చల్లగా, మంచులో పరిచినట్టు. సరేలే పిల్లి పడుకుందేమో అనుకుంది. మర్నాడూ అంతే. ఆ తర్వాత గరిటె కుడిపక్క మేకుకి తగిలిస్తే ఎడమపక్క మేకుకి ఉండేది. బార్లీ జల్లించి పెడితే ఎవరో మళ్ళీ జల్లించి, రాళ్ళు ఏరి, ఆ రాళ్ళు పక్కన కుప్పగా పెట్టేవాళ్ళు, ఇదుగో నీ పనితనం అన్నట్టు. షూలాన్‌కి ఒళ్ళు మండింది. దెయ్యం మీద కాదండీ, కోడలి మీద.

"నా ఇంట్లో గరిటె ఎక్కడ తగిలించాలో నాకు నేర్పుతున్నావా?" అంది.

"నేను ముట్టలేదత్తా," అంది చిన్‌మెయ్.

"నువ్వు ముట్టకపోతే గరిటెకి కాళ్ళొచ్చాయా?"

పక్కింటి వదినగారు ఒకావిడ ఉండేది, పేరెందుకు, ఆవిడ మనవలు ఇప్పుడూ మనకి చుట్టాలే. ఆవిడ గోడ మీంచి తొంగిచూసి, ఏటి దిగువ పిల్ల కదమ్మా, వాళ్ళ అమ్మ గురించి ఏదో అనుకునేవాళ్ళు, నాకెందుకులే, అంది. నాకెందుకులే అన్నమాటకి ఉన్నంత విషం ఇంకో మాటకి ఉంటుందా? మా కొండల్లో విషప్పిల్లి అంటారు. ఆడమనిషే, పగలు మనలాగే ఉంటుంది, చీకటి పడితే పిల్లో మేకో అయి తిరిగి జనాన్ని కొండ అంచు నుంచి తోసేస్తుందని, తల్లి నుంచి కూతురికి వస్తుందని నమ్మకం. ఎవరూ చూసింది లేదు. చూడకపోయినా, బయటి ఊరి నుంచి వచ్చిన కోడళ్ళ మీదికే ఎందుకు పోతుందో మరి ఆ అనుమానం.

ఆ మాట షూలాన్ చెవిలో పడ్డాక ఇంక తియ్యడం ఎవరి తరం? చిన్‌మెయ్ పాలు పితికితే, మేక పాలు తగ్గాయేమిటి అనుకునేది. చిన్‌మెయ్ నవ్వితే, ఎందుకు నవ్విందో అనుకునేది. నవ్వకపోతే, ఏం తలుస్తోందో అనుకునేది. ఆఖరికి పడుకోబోయే ముందు పొయ్యి చుట్టూ బూడిద చల్లింది. తెల్లారి చూస్తే ఎగువ ఆసనం దాకా అడుగులు, ఆడవాళ్ళు వేసుకునే కుట్టుపని జోళ్ళవి, ముక్కు పైకి తిరిగినవి, చిన్న పాదం. కోడలి జోడు తెచ్చి పక్కన పెట్టింది. సరిపోయింది. సరిపోదా మరి? చిన్న పాదాలు లోకంలో ఒక్క చిన్‌మెయ్‌కే ఉన్నాయా? ఆ మాట అడిగేవాళ్ళు అక్కడ లేరు. ఉన్నవాడు తెంగ్‌ఫా, వాడు చూసి, మొహం తెల్లబోయి, మేకలు తోలుకుని పోయాడు.

షిబీ తాతని పిలిపించారు. ఆయనకి చెవుడు, చూపు కూడా అంతంతమాత్రం. కోతితోలు టోపీ పెట్టుకుని, గొర్రెతోలు డప్పు పొయ్యి సెగకి కాచుకుని, వాయిస్తూ వాయిస్తూ ఠక్కున ఆపి షూలాన్ వంక చూశాడు.

"నువ్వు అక్కడ కూర్చున్నావేమిటమ్మా? పెద్దావిడ నిలబడి ఉంటే. కిందికి జరుగు," అన్నాడు.

చూడ్డానికి వచ్చినవాళ్ళు కిసుక్కున నవ్వారు. షూలాన్ కంటే పెద్ద ఆ ఇంట్లో ఎవరున్నారు? ముసలాయనకి మతి పోయింది అనుకుని ఒక మేక కాలు చేతిలో పెట్టి పంపించేశారు. ఒక్క చిన్‌మెయ్ మాత్రం నవ్వలేదు. ఆ మర్నాటి నుంచి వండినదాంట్లో మొదట ఒక గిన్నెడు తీసి ఎగువ ఆసనం ముందు పెట్టి, తల వంచి, అప్పుడు మిగతావాళ్ళకి వడ్డించేది. ఎవరో పెద్దవాళ్ళు వచ్చారు, ఎవరో తెలీదు, మర్యాద చేస్తే పోయేదేముంది అని ఆ పిల్ల ఉద్దేశం. షూలాన్‌కి అదెలా కనిపించింది? తను పెంచుకునే పిశాచానికి నా గింజలే పెడుతోంది అని కనిపించింది. గిన్నె తన్నేసింది. పిల్ల మూట వాకిట్లో పడేసి, మీ అమ్మ దగ్గరికి పో, అమ్మా కూతుళ్ళు కలిసి ఏ గోడలైనా దూకండి, నా గడప తొక్కకు అంది.

చిన్‌మెయ్ మొగుడి వంక చూసింది.  తెంగ్‌ఫా ఏం చేస్తున్నాడంటారు? గడప దగ్గర వంగి జోడు దారం సరిచేసుకుంటున్నాడు. ఒక్క మాట చాలు కదా, రాయి నేను ఎత్తుకొచ్చానమ్మా అని. ఆ దారం ఎంతసేపటికీ ముడి పడలేదు. ఆ పిల్ల మూట తీసుకుని వాన మొదలవుతుండగా దిగువకి నడిచింది.

ఇంక శని వదిలింది అనుకుంది షూలాన్. తెల్లారి లేచింది, గొర్రెతోలు మధ్యలో గుంట. గరిటె ఎడమ మేకుకే.  దీపాలు పెట్టే వేళ ఒక్కతే పొయ్యి దగ్గరికి వచ్చి, ఎందుకో ఎగువన కూర్చోబుద్ధి కాక, మొదటిసారి కోడళ్ళు కూర్చునే దిగువ వైపున కూలబడింది. అప్పుడు ఎగువ నుంచి గొంతు, ముసలి గొంతు, తాపీగా, పప్పు చెరుగుతూ మాట్లాడినట్టు.

"ఇంటి కోడల్ని ఎందుకు పంపించావు? మంచి పిల్ల. నీ కంటే శుభ్రంగా చేసేది."

 షూలాన్ మొండిమనిషి కదా, ఎవరు నువ్వు అని అడిగింది.

"నా ఇంట్లో కూర్చుని నన్ను ఎవరని అడుగుతావా? మిద్దె మీద రాయి ఎవరిదో పోయి చూసుకో. చుట్టపుచూపుగా వచ్చి ఇన్నాళ్ళు ఉన్నారు, ఏమీ అనలేదు. పెత్తనం మాత్రం చెయ్యకు."

షూలాన్ నేరుగా పోయి, మేకల కొట్టంలో ఉన్న కొడుకు మెడ పట్టుకుంది. వాడు అప్పటికే ఏడుస్తున్నాడు. అంతా చెప్పాడు. ఆవిడ కొట్టలేదు, తిట్టలేదు. నేను దానితో అన్న మాటలన్నీ ఎవరికి తగలాలిరా అని మాత్రం అడిగింది.

తెల్లారగానే వాడు రాయిని గుడ్డలో చుట్టుకుని పోయి, కళ్ళు సగం మూసుకుని గోడ ఎక్కి, ఉన్నచోటే పెట్టి, పరుగున దిగి వచ్చాడు. ఎక్కేటప్పుడు లోపల నుంచి పొగ వాసన వచ్చిందట. అయినా ఆగి చూడలేదు. అదీ వాడి సంగతి. ఆ పూట నుంచి ఇంట్లో గొర్రెతోలు ఎలా పరిస్తే అలాగే ఉంది. తర్వాత మంచు అంచు దాకా పోయి మంచి రాయే తెచ్చాడనుకోండి.

ముందు పోయి భార్యని తీసుకురా, కాళ్ళు పట్టుకుని అయినా తీసుకురా అని షూలాన్ కొడుకుని దిగువ ఊరికి పంపింది. వియ్యపురాలు తలుపు తీసి, మా పిల్లా? మా పిల్ల మీ ఇంట్లో కదా ఉంది, అంది. వానకి కొండచరియ విరిగి పడి దిగువ దారి మూసుకుపోయిందట, వాడే పగటిపూట రాళ్ళ మీంచి పాకి వచ్చాడట, అంతకుముందు ఎవరూ అటు నుంచి రాలేదట. మరి వానలో, చీకట్లో, ఏ ఇంటి తలుపూ తట్టలేని ఆడపిల్ల ఎక్కడికి పోతుంది? విషప్పిల్లి అన్నాక ఏ తలుపు తెరుచుకుంటుంది? ఎవరూ రారని తెలిసిన చోటికే పోతుంది. ఆ రోజు ఈ కొండ మీద ఆ బురుజంత నిక్షేపమైన చోటు ఇంకోటి లేదు, ఎందుకంటే అందులో ఉండాల్సినవాళ్ళు షూలాన్ ఇంట్లో ఉన్నారు. తర్వాత రాయి తిరిగి వచ్చింది. రాయితో పాటు వాళ్ళూ వచ్చారు.

తెంగ్‌ఫా ఒట్టి చేతులతో తిరిగి రాగానే షూలాన్‌కి పొగ వాసన మాట గుర్తొచ్చింది. గొర్రెతోలు కోటు భుజాన వేసుకుని, పిల్లకి చలేస్తుందని, ఇంకా పొద్దుండగానే ఆ కొండ ఎక్కింది. బురుజు పైకప్పు లోంచి వంటపొగ సన్నగా లేస్తోంది. తలుపు దగ్గర చిన్‌మెయ్ కూర్చుని బార్లీ జల్లిస్తోంది. ఒంటి మీద గాయం లేదు, బట్టల మీద మురికి లేదు. షూలాన్ ప్రాణం లేచొచ్చింది. ఒసే చిన్‌మెయ్, తప్పంతా నాదేనే, రావే ఇంటికి పోదాం, అని కోటు చాపింది.

ఆ పిల్ల తలెత్తి, పరాయివాళ్ళని చూసి నవ్వినట్టు మర్యాదగా నవ్వింది.

"ఏ ఊరు అవ్వా మీది?" అంది.

"నేనే మీ అత్తని."

"మా అత్త లోపల ఉంది."

లోపల నుంచి, ఎవరే కోడలా, అని పిలుపు. తాపీగా, పప్పు చెరుగుతూ మాట్లాడినట్టు. ఎవరో బాటసారి అత్తా, అలిసిపోయినట్టుంది, అంది చిన్‌మెయ్. అయితే లోపలికి రమ్మను, కల్లు బాన తెరిచాం, అంది గొంతు. ఇంకా నాలుగైదు గొంతులు, రమ్మను రమ్మను, అన్నాయి. షూలాన్ గడప దాకా పోయింది. చూస్తే లోపల పొయ్యి మండుతోంది, ముక్కాలి మీద కుండ ఉడుకుతోంది, బానలో వెదురు గొట్టాలు గుత్తిగా నిలబడి ఉన్నాయి, పొయ్యి చుట్టూ పరిచిన తోళ్ళన్నిట్లోనూ గుంటలు. మనుషులు లేరు. ఒక్క తోలు మాత్రం చదునుగా ఉంది, వచ్చినవాళ్ళ కోసం.

కోటు అక్కడే వదిలేసి వచ్చేసింది. గడప దాటలేకపోయింది అనాలేమో. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ సందె వేళ మిద్దె ఎక్కి, తప్పిపోయిన ప్రాణాన్ని పిలిచినట్టు, చిన్‌మెయ్, ఇంటికి రావే, చలేస్తుంది రావే, అని పిలిచేది. ఒక్కోసారి అటు నుంచి జవాబు వచ్చేదట. ఏమని? పని ఉంది అవ్వా, అని. అంతే. తెంగ్‌ఫా మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు, ఎవరూ పిల్లనివ్వలేదు కూడా.

ఇప్పుడు చెప్పమ్మా, మిరియాలు కోస్తావా? నిన్ను అక్కడ ఎవరూ పీక నొక్కరు, కొండ అంచు నుంచి తొయ్యరు. చాలా మర్యాదస్థులు. కూర్చోబెడతారు, గొట్టం చేతికిస్తారు, తాగినకొద్దీ బానలో నీళ్ళు పోస్తూనే ఉంటారు, పెద్దావిడ లేస్తే గాని ఎవరూ లేవకూడదు మా పద్ధతిలో. ఆవిడ లేవదు. అందుకని రేపు తోపు ఇవతల చెట్లు కొయ్యండి, కాయ అదే, కూలి అదే.