ఎలుగుబంటి మీద ఏడుపు

కార్టూన్లు గీసే భర్త, ఎనభై ఏళ్ల కిందటి కార్టూనొకటి భార్యకు మళ్ళీ మళ్ళీ వేసి చూపిస్తున్నాడు. తెరమీద ఎలుగుబంటి నిచ్చెనెక్కి గోడకు రంగు వేస్తోంది. నిచ్చెన జారిపోయినా గాలిలోనే నిలబడి ఇంకాస్త రంగు వేసింది. కిందికి చూసి, టోపీ సర్దుకుని, అప్పుడు పడింది.

“మళ్ళీ నవ్వావు. ఇది నాలుగోసారి.”

“నవ్వొస్తే ఏం చెయ్యమంటారు?”

“నేను గీసిన కుక్క మేడమీంచి పడితే ‘అయ్యో పాపం’ అన్నావు.”

“మీ కుక్క జారగానే పడిపోయిందండీ. నవ్వడానికి టైమెక్కడిచ్చారు?”

“ఈ ఎలుగు కిందికి చూశాక పద్దెనిమిది బొమ్మల పాటు, అంటే ముప్పావు సెకను, పడలేదు. ఎవడు గీశాడో గానీ, కడుపు మండిపోతోంది.”

“ఎప్పుడో పోయినవాడి మీద ఏడుపెందుకు?”

“పోయినవాడు పోయినట్టుండాలిగా! నా పెళ్ళాన్ని నా కళ్ళముందే నవ్విస్తున్నాడు.”

“ఎలుగుని చూసి నవ్వింది మొదటిసారే. తర్వాత మూడుసార్లూ మిమ్మల్ని చూసి.”

“నన్నా?”

“అది పడేదాకా ఊపిరి బిగబట్టి, నేనెక్కడ నవ్వేస్తానోనని ఓరకంట చూస్తున్నారే... ఆ మొహం!”

“పెన్సిలేదీ? ఆ మొహం కుక్కకి పెట్టేస్తాను.”

“పెట్టండి. కానీ వెంటనే పడెయ్యకండి. పద్దెనిమిది బొమ్మలు ఆగండి.”