గుంటగలగరాకూ, బుల్లెమ్మ పుక్కిట నీళ్లూ

బుల్లెమ్మని ఒకత్తుండేదంట, కాలవగట్టు ఊళ్లో. దాని నోరు మూతపడగా చూసినోళ్లు లేరనుకో. దూడతో మాటాడుద్ది, పొయ్యితో మాటాడుద్ది, ఆఖరికి నిద్దట్లో కూడా ఎవరితోనో తగువేసుకుంటాదంట. మొగుడు గంగరాజు "ఒక్క పూట నోరు ముయ్యవే తల్లీ, నీకు దణ్ణం పెడతాను" అని బతిమాలేవోడంట. ముయ్యలేదు. ఏయ్ పెద్దిరాజూ, ఆ చుట్ట ఎప్పుడో ఆరిపోయింది, ఇంక పీల్చకు, కథ విను. అలాంటి బుల్లెమ్మకి ఎలాంటి పని పడిందో చెప్తాను.

ఏమైందంటే, గంగరాజుకి పచ్చకామెర్లు వచ్చినియ్యంట. కళ్లు పసుపు ముద్దలైపోయినియ్యి. అన్నం సయించదు, గంజి పోత్తే కక్కేత్తాడు, మందంటే మొహం తిప్పేసుకుంటాడు, మంచానికి అతుక్కుపోయాడు. ఈ మనిషి నాకు దక్కడేమోనని బుల్లెమ్మకి ఒకటే దడ. పసరు మందిచ్చే నాగన్న తాత దగ్గరికెళ్లి ఏడిత్తే, ఆయనేమన్నాడంటే, కాలవ ఒడ్డున చెమ్మలో గుంటగలగరాకు ఉంటాది, తెల్లటి చిన్న పువ్వు, నలిపితే చెయ్యి నల్లబడాలి, పొద్దున్నే తల మునిగేలా నీళ్లోసుకుని తడిబట్టల్తో ఎళ్లి పీక్కురా అన్నాడంట. "పీక్కొచ్చి, నూరి, మజ్జిగలో కలిపి వాడి గొంతులో పడేదాకా ఎవరితోనూ పల్లెత్తు మాట ఆడకూడదే. ఆడావో, పసరు పని చెయ్యదు." "అంతేనా తాతా, అదెంత పని!" అంది బుల్లెమ్మ. తాత దాని మొహంకేసి చూసి పెద్ద నిట్టూర్పు విడిచాడంట.

మొదటి రోజు గుమ్మం దాటిందో లేదో, పక్కింటి వరాలు కళ్లాపు చల్లుతా "ఎక్కడికే బుల్లెమ్మా, ఆ తడిబట్టల్తో?" అంది. "బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడుగుతావా, బుద్దుందా నీకు? నేనసలే మాటాడకూడదు!" అని అరిచేసింది బుల్లెమ్మ. అరిచాక నాలిక్కరుచుకుంది. ఏం లాభం, అయిపోయింది. మర్నాడు వరాలుకి కనపడకుండా దొడ్డిదారిన ఎళ్లి, ఆకు పీకి ఒళ్లో వేసుకుని వత్తంటే, బాతులు తోలుకెల్తన్న కొండయ్య ఎదురొచ్చి "పొన్నగంటి కూరా? బాగా లేతగా ఉందే!" అన్నాడంట. ఊరుకుంటాదా మరి? "నీ కళ్లకి బాతులు తప్ప ఇంకేం కనపడవా? పొన్నగంటి నలిపితే చెయ్యి నల్లబడుద్దా? ఇదిగో చూడు!" అని నలిపి వాడి మొహం ముందు పెట్టింది. చెయ్యి నల్లబడింది, మందు చెడింది. "ఓరి దేవుడో, ఈ ఊళ్లో ఒక్కళ్లకైనా సొంత పని లేదా!" అని గట్టుమీద కూలబడి నెత్తి కొట్టుకుంది. ఇంటికెళ్లి పిలిత్తే గంగరాజు కళ్లు కూడా తెరవలేదు. అప్పుడు బుల్లెమ్మకి నిజంగా భయమేసింది.

ఆ తెల్లారి ఏం చేసిందంటే, కాలవలో మునిగి లేచి, పుక్కిట నిండా నీళ్లు పట్టుకుంది. ఇంక మాటాడమన్నా ఎలా మాటాడుద్ది? ఆకు పీకింది, వత్తంది. బుగ్గలు రెండూ బూరెల్లాగ పొంగున్నాయి, జుట్టు విరబోసుకునుంది, ఒళ్లంతా నీళ్లు కారతన్నాయి. వరాలు చూసింది. "గంగరాజుకెలా ఉందే?" అంది. మొగుడి పేరు వినేసరికి బుల్లెమ్మకి కళ్లల్లో నీళ్లు తిరిగినియ్యి. నోట్లోంచి మాట లేదు. అంతే, వరాలు గుండెలు బాదేసుకుంది. "బుల్లెమ్మ మాటాడ్డం లేదర్రా! గంగరాజు పోయాడర్రా!" కాదు కాదని బుల్లెమ్మ తలూపితే, "పోయాడంటే నమ్మలేకపోతంది పిచ్చిది" అన్నారంట. చేతులూపితే మతి చెడిందన్నారంట. పరిగెడితే వెనకాల ఊరంతా పరిగెట్టింది. ఆ ఏడుపు చూసి అరుగుమీద బియ్యం ఏరుకుంటన్న అత్తగారు చేట పడేసి "నా కొడకో" అని అందుకుంది. లోపలికి ఒక్కసారి తొంగి చూద్దామన్న ఇంగితం ఒక్కళ్లకైనా ఉండాలా వద్దా? మీరే చెప్పండి!

బుల్లెమ్మ ఎవరినీ లెక్కచెయ్యకుండా రోలు దగ్గర కూర్చుని ఆకు నూరతంటే, "ఇంకెవరికే ఆ మందు" అని ఆడోళ్లు మీద పడి ఏడుపు. వరాలు దాని చెయ్యట్టుకుని గాజుల మీద చెయ్యేసింది. గాజుల మీద! బుల్లెమ్మకి ఒళ్లు మండిపోయింది, ఉగ్గబట్టుకుంది, ఒక్క తోపు తోసింది, వరాలెళ్లి కుడితి గోలెంలో పడింది. నీళ్లు మాత్రం మింగలేదు, ఉయ్యలేదు. ఈ గోలకి గంగరాజు గోడ పట్టుకుంటా గుమ్మంలోకొచ్చి "ఎవరే పోయింది?" అన్నాడంట. ఊరంతా నోళ్లు తెరుచుకుని చూత్తన్నారు. సరిగ్గా అప్పుడే పాడెకని పచ్చి వెదుళ్లు భుజానేసుకుని కొండయ్య వచ్చి, ఎటూ చూడకుండా "మన గంగరాజు ఎంత పొడుగుంటాడర్రా?" అనడిగాడు. గంగరాజు గడప మీద కూలబడిపోయాడు. పెళ్లాం మొహంలోకి చూశాడు. "నేను పోయానా ఏంటే?" అన్నాడు. అది పలకదు. "నువ్వైనా చెప్పవే!" అది పలకదు. మజ్జిగలో కలిపిన పసరు గ్లాసు నోటికి పెట్టింది. ఆ భయంలో గటగటా తాగేశాడంట.

చుక్క మిగల్లేదని చూసుకుని, అప్పుడు ఉమ్మిందమ్మా ఆ నీళ్లు, కొండయ్య మొహాన. ఇంక మొదలెట్టింది. వరాలుని, కొండయ్యని, వాడి బాతుల్ని, అత్తగారిని, చూడ్డానికొచ్చిన మునసబుని కూడా కలిపి కడిగేసింది. గంగరాజు గోడకి జారబడి ఆ తిట్లన్నీ వింటా కళ్లు తుడుచుకుని, "హమ్మయ్య, మాటాడతంది. అయితే నేను బతికే ఉన్నాను" అని, గంజి అడిగాడంట.

తర్వాత తేరుకున్నాడు. ఆకు పనిచేసిందో, ఆ వెదుళ్లు చూసిన భయం పనిచేసిందో నన్నడక్కండి. ఆ తర్వాత ఎప్పుడైనా బుల్లెమ్మ కాసేపు ఊరుకుంటే, గంగరాజు చేలో ఉన్నోడు పని వదిలేసి ఇంటికి పరిగెత్తుకొచ్చి "ఏమే, ఏదోటి తిట్టవే" అనేవోడంట. నాకూ ఉన్నాడు ఒక మొగుడు, నేను నోరు మూసుకుంటే చాలు, హాయిగా గురక పెడతాడు.