శుక్రవారం తీసిన స్కాను

ఆసుపత్రి వరండాలో బెంచీ. భర్త రిపోర్టుల సంచి ఒళ్ళో పెట్టుకున్న వదిన, పక్కన మరిది.

“మళ్ళీ గోడకేసి చూస్తావేంటి చిన్నా? ఇటు తిరిగి చెప్పు. మీ అన్నయ్యకి కిడ్నీ ఇస్తావా, ఇవ్వవా?”

“ఇవ్వనన్నానా వదినా?”

“ఇస్తానని మాత్రం అన్నావా? నాలుగు రోజులుగా ఇదే వరస.”

“టీ తాగుతావా? పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు నువ్వు.”

“నాకేం వద్దు. ఇందాక డాక్టరుగారు మీ ఇద్దర్నీ చూసి ఇంగ్లీషులో ఏదో అన్నారు. ఏంటది?”

“టూ పీస్ ఇన్ ఎ పాడ్. ఒకే కాయలో రెండు బఠాణీ గింజలని. ఒకణ్ణి చూస్తే రెండోవాణ్ణి చూడక్కర్లేదని.”

“అచ్చు గుద్దినట్టున్నారని. నాకు తెలీదా? కొత్తకాపురంలో మీ అన్నయ్యనుకుని, ఉప్పు తేలేదని నిన్ను తిట్టిపోశాను.”

“తెచ్చాగా.”

“తెచ్చావు. మారుమాట్లాడకుండా తెచ్చావు. ఇప్పుడేమో పరీక్షలకి రమ్మంటే తప్పించుకు తిరుగుతున్నావు.”

“అది ముఖాల గురించి అనే మాట వదినా. లోపల సంగతి...”

“లోపలా ఒకటేనట. కవలలు కదా, నీదైతే ఇట్టే కుదురుతుందని డాక్టరుగారే అన్నారు. మీ ఆవిడ వద్దందా?”

“తనకేం తెలీదు.”

“మరి భయమా?”

“భయమే.”

“కోతంటేనా?”

“కోత కాదు.”

“నీ కాళ్ళు పట్టుకుంటాను చిన్నా.”

“లే వదినా. అందరూ చూస్తున్నారు.”

“చూడనీ. నాకింకెవరున్నారు? మంగళవారం స్కానులో కిడ్నీల నిండా నీటితిత్తులు. అవి కాస్తైనా తగ్గాలని మొక్కని దేవుడు లేడు. శుక్రవారం దాంట్లోనూ అవే.”

“శుక్రవారం నువ్విక్కడ ఉన్నావా?”

“బట్టలకని ఇంటికెళ్ళాను. తిరిగొచ్చేసరికి నర్సమ్మ రిపోర్టు చేతికిచ్చింది. ఏం?”

“అది ఇలా ఇవ్వు.”

“మీ అన్నయ్య పేరే ఉంది, చూడు.”

“పేరు అన్నయ్యదే. స్కాను గదిలో మనిషి నన్ను అడగనే లేదు. ముఖం చూసి, మళ్ళీ వచ్చారా సార్ అని, పాత పేరే రాసేశాడు.”

“నిన్నా? నువ్వెందుకెళ్ళావు?”

“ముందే చూపించుకుని, ఇస్తున్నానని నీకు ధైర్యంగా చెబుదామని. శుక్రవారం అన్నయ్య మంచం దిగలేదు వదినా. ఆ తిత్తులు నావి.”