గమలీయేలు తాత కాలు కదపలేదంట

గమలీయేలు తాతని చూసుండరు మీరు. మా పల్లె చర్చికి పెద్ద ఆయన. మనిషి మంచోడే గానీ, ఆయన ఊఁ అంటేనే గుడిలో ఏదైనా జరగాల. అట్టాంటి రోజుల్లో ఏమైందంటే, కస్తూరమ్మని ఒక నర్సమ్మ కొత్తగా వచ్చింది. మంచి పిల్లే, కాకపోతే తొందర. ఆదివారం ఆరాధనైపోయి ప్రేమవిందుకి అందరం బంతిలో కూర్చుని, ఆకుల్లో పాయసం పడతా ఉంటే లేచి నిలబడి, మీలో చానామందికి షుగరుంది, ఈ పాయసం మీకు విషం అనింది. ఇంకేముంది! తాత ఆకు ముందునుంచి లేచిపోయినాడు. దేవుడి పేరున వండింది విషమంటావా, నువ్వు మా గడప తొక్కొద్దు పోమ్మా అన్నాడు. ఆ పిల్ల ఏడ్చుకుంటా పోయింది. మేం పాయసం తినేశాం, అబద్ధమెందుకు.

మా గుడి పాస్టరు అయ్యగారు మాత్రం ఆమె ఇంటికి పోయి, తల్లీ, నువ్వు చెప్పింది నిజమే, చెప్పిన చోటే బాగలేదు, ముందు వచ్చి మాలో ఒకదానిలా కూర్చో అన్నాడంట. సరేనని సిలువ శుక్రవారం ముందు గురువారం వచ్చి, ఆడోళ్ల చాప మీద నా పక్కనే కూర్చుంది. ఆ రోజు మా గుడిలో అయ్యగారు పెద్దల కాళ్లు కడగతాడు కదా, ప్రభువు శిష్యులకి కడిగినట్టు. నీళ్లు కాచింది తాత పెళ్లాం రాహేలమ్మ. ముసలోళ్లు చలికి వణకతారని పొయ్యి మీద నుంచి దించి అట్టాగే తెచ్చేసింది. మొదటి కుర్చీ తాతదే. అయ్యగారు చెంబుతో పోశాడు. తాత కదల్లేదు, మెదల్లేదు, చిరునవ్వుతో కూర్చున్నాడు. ఆ తర్వాత మా బావ కాళ్ల మీద పోశాడో లేదో, అమ్మో చచ్చానని బావ కుర్చీతో సహా ఎనక్కి పడ్డాడు! నవ్వబాకండి, బొబ్బలెక్కినాయి పాపం. అప్పుడు జనమంతా ఏమన్నారనుకున్నారు? చూడండయ్యా తాత భక్తి, కాగే నీళ్లు పోసినా చలించలేదు, స్తోత్రం స్తోత్రం అన్నారు. నేనూ అన్నా. తాత మొహం వెలిగిపోయింది.

నా పక్కన నర్సమ్మ మాత్రం స్తోత్రం అనలా. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇప్పుడు అరుస్తాదిరా దేవుడా అనుకున్నా. అరవలా. మెల్లిగా పోయి, అయ్యగారూ, ఆ తువ్వాల నాకిస్తారా, తాత కాళ్లు నేను తుడుస్తా అనింది. తాత కాళ్లు ఎనక్కి లాక్కున్నాడు. వద్దమ్మా, నిన్ను ఎళ్లగొట్టినోణ్ని అన్నాడు. ఆమె ఇనకుండా కింద కూర్చుని, ఏలు ఏలు మధ్య మెల్లిగా అద్ది, కాలి ఎర్రబడిన పాదం తిప్పి చూసి ఆగిపోయింది. బొటనేలి కింద తుమ్మముల్లు. లోపలికంటా దిగి, చుట్టూ నల్లబడి, చీము పట్టి ఉంది. పక్కనోడికి కూడా ఇనపడకుండా, తాతా, ఇదెప్పుడు గుచ్చుకుంది అని అడిగిందంట.

తాత ఒంగి చూసి, అందరికీ ఇనపడేట్టే, "ఏదమ్మా?" అన్నాడు.

అంతే. రాహేలమ్మకి అర్థమైపోయింది, గుండెలు బాదుకుంది. మాకూ అర్థమైంది, మేం స్తోత్రం చెప్పింది భక్తికి కాదు, షుగరుతో మొద్దుబారిన కాళ్లకని. అప్పటికప్పుడు ఆటోలో ఆసుపత్రికి తీసకపోయినారు. బొటనేలు పోయింది, కాలు దక్కింది. ఇంకొంచెం ఆలస్యమైతే మోకాలి దాకా తీసేసేవాళ్లంట.

తాత కర్ర పట్టుకుని గుడికొచ్చిన ఆదివారం ఆయనే లేచి చెప్పినాడు, విందుకి ముందు ఒకరి కాళ్లు ఒకరు కడిగి చూసుకోవాల, చూపించనోళ్లకి ఆకు ఎయ్యొద్దని. పాయసం మానలేదులే, మానితే విందెట్టా అవుద్ది? గరిటె చిన్నదైంది, పక్కన కొర్రన్నం వచ్చింది. నీళ్లు కాగినాయో లేదో చూడమని ఎవరన్నా చెంబిస్తే మాత్రం తాత నవ్వి, నన్ను కాదు, నొప్పి తెలిసేవాణ్ని అడగండయ్యా అంటాడు.

ఇదిగో, ఇందాకటి నుంచీ కింద కూర్చున్నందుకు నా మోకాలు నొప్పితో పీకతా ఉంది. ఒకప్పుడైతే తిట్టుకునేదాన్ని. ఇప్పుడు, నొప్పి తెలస్తా ఉంది కదా అని స్తోత్రం అంటన్నా. లేపండమ్మా నన్ను.