ఓటయ్య బుగ్గ మీద కాటుక

"అవ్వా, గోడవతల మార్త ఆంటీ దగ్గరున్న కుక్క ఏం జాతి? చూస్తే అచ్చం మన ఊరకుక్క లెక్కనే ఉన్నది."

మెల్లగ బిడ్డా, మెల్లగ! ఇంటడు. ఇంటే రెండు దినాలు అలుగుతడు, అన్నం ముట్టడు, గోడ దిక్కు మొఖం పెట్టి పంటడు. నవ్వకు శ్రావణీ, నిజం చెప్తున్న. ఊరకుక్క అంటవా మా ఓటయ్యను? ఓటో అని పేరు, నేనే ఓటయ్య అంట. మొగపిల్లగాడు గదా, జర మర్యాద ఉండాలె.

ఈ లైన్ల కొత్తగ దిగినదానివి, నీకేమెరుక? నేను గూడ మొదలు నీ లెక్కనే అన్న తియ్యి. కరోన తగ్గినంక మా బిడ్డ సుజాత నన్ను తోలుకొచ్చింది గదా, మా ఆయన, మీ తాత, పోయిన యేడు... కాదు కాదు, దాని తెల్లారి యేడు. షార్జాల ఇండ్లు పిరమని ఈ పక్క ఊరు ఉమ్ అల్ క్వైన్‌ల కిరాయకు దిగిన్రు. వచ్చిన దినమే గోడ మీదికెల్లి తొంగిచూసి అన్న, "గింత మంచి ఇంట్ల ఉండి ఈ తెల్లామె బజారు కుక్కను సాదుకుంటుందేందే" అని. సుజాత నా నోరు మూసింది. "అమ్మా, అది జర్మనీ జాతి. ఆ దేశంల గూడ అందరికి దొరకది" అన్నది. నేను నమ్మలే. నీ చాయ్ సల్లారుతున్నది, తాగు. ఆఫీసు బండి వచ్చేదాంక టైమున్నది గదా, కూసో.

ఇప్పుడు చూడు ఆయనను, మంచిగ చూడు. ఒళ్ళంత తెలుపు. వీపు మీద గుర్రానికి జీను ఏసినట్టు గోధుమరంగు. చెవులు, కండ్ల సుట్టూత గదే రంగు. నడుమ నొసటికెల్లి ముక్కు దాంక తెల్ల గీత. మోకాలంత ఎత్తు, అంతే. అటు పెద్దగ గాదు, ఇటు ఒళ్ళె పెట్టుకునేటంత చిన్నగ గాదు. గడ్డం చూసినవా? మా పెద్ద మేనమామకు గట్లనే ఉండె. మెట్‌పల్లిల బీడీల కార్ఖానల మునీం చేసెటోడు, గడ్డం నిమురుకుంట లెక్కలు చెప్పెటోడు. ఓటయ్య తలకాయ పక్కకు వంచి చూస్తే నాకు మామనే యాదికొస్తడు. ఈ జాతిల నున్నటియి గూడ ఉంటయట, గడ్డం లేనియి. నాకైతే గడ్డముంటెనే ఇష్టం.

ఇగ ఆ జాతి ఎట్ల పుట్టిందో ఇను. మార్తమ్మ చెప్పంగ సుజాత నాకు తెలుగుల చెప్పింది. ఎనుకట పెద్ద లడాయి అయింది గదా. గది ఒడిసేటప్పుడు అమెరికా మిలిటరోళ్ళు జర్మనీలకు వచ్చిన్రట. ఆళ్ళెంట ఫ్రాన్స్ దిక్కుకెల్లి ఒళ్ళంత ఎంటికెలున్న ఒక బూరకుక్క తిరుగుకుంట వచ్చింది. ఎవలదో తెల్వది, ఏం జాతో తెల్వది. మిలిటరోళ్ళు ఇంకా ముంగటికి పోవాలె, కుక్కను ఎక్కడ ఏసుకొని తిరుగుతరు? ఒక ఆడామె దాన్ని సాదుకున్నది. పక్కపొంటి ఇంట్ల ఒక ఆడకుక్క ఉండె, నక్కల ఏటకు పోయే రకం. దానికి సుత సక్కటి పుట్టుక కాయిదం లేదట. ఇగ రెండింటికి జత కుదిరింది. ఎవ్వలు కుదుర్చలే, అవ్వే కుదుర్చుకున్నయి! పిల్లలు పుడితే అన్ని ఒక్క అచ్చుల పోసినట్టు, ఒక్క తీరు మచ్చలు, ఒక్క తీరు మొఖాలు. గామె చూసి మురిసిపోయింది. మళ్ళ జత కట్టిచ్చింది, మళ్ళ గట్లనే పుట్టినయి. ఇగ పట్టు వట్టింది చూడు, ఇది కొత్త జాతి అని రాసేదాంక కుక్కల పెద్దమనుషులను నిద్ర పోనియ్యలే. ఆడది పట్టు వడితే అంతే బిడ్డా. నా పెండ్లప్పుడు మా మేనత్త గట్లనే పట్టు వట్టింది, గా ముచ్చట వేరే తియ్యి.

పేరు మాత్రం నోరు తిరగది. క్రోమ్... క్రోమ్‌ఫోర్‌లాండర్. ఇరవైసార్లు చెప్పిచ్చింది మార్తమ్మ నాతోని. ఆ కుక్కను సాదుకున్నామె ఊరి దగ్గర ఒక భూమి పేరట అది, వంకర సాలు అని అర్థమట. నాకు మస్తు నవ్వొచ్చింది. నేను నాగలెంట ఇత్తనాలు ఏసినదాన్ని, వంకర సాలు పోతే మా నాయిన ఎట్ల తిట్టెటోడో నాకు తెలుసు. గా తిట్లు తినే సాలు పేరు పెట్టుకొని వీడు దేశదేశాలు తిరుగుతున్నడు!

గుణం చెప్తే నువ్వు నమ్మవ్. ఈ జాతి ఒక్కరినే పట్టుకుంటది. ఇల్లంత మంది ఉన్నా ఒక్కరే దానికి దునియ. ఓటయ్యకు మార్తమ్మ. ఆమె బాత్రూంలకు పోతే తలుపు దగ్గర కూసుంటడు. కొత్తోళ్ళొస్తే ఆమె గౌను ఎనుక దాగి ఒక్క కన్నుతోని చూస్తడు. పిల్లుల ఎంట వడడు, పావురాలను ఉరికియ్యడు. ఈ వీధి పిల్లులు ఆయన ముంగట్నే మీసాలు దువ్వుకుంటయి. గట్టిగ అంటే మాత్రం పడడు. కోపం చేస్తే మనసుల పెట్టుకుంటడు.

నాకు అలవాటు కానీకి ఎన్ని నెలలు వట్టిందో. మాపటీలి గోడకు అటుదిక్కు మార్తమ్మ, ఇటుదిక్కు నేను. ఆమెకు తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. అయినా మస్తు మాట్లాడుకునెటోళ్ళం. ఆమె మొగడు ఈడనే ఓడల రేవుల ఇంజినీరట, కరోనల పోయిండు. ఆయన ఫోటువ చూపెట్టి ఏడ్సింది, నేను మీ తాత ఫోటువ చూపెట్టి ఏడ్సిన. ఇంకేం మాటలు కావాలె? ఓటయ్య నడుమ గోడ మీదికి దుంకి కూసునెటోడు. మస్తు దుంకుతడు, మేకపిల్ల లెక్క. ఒక దినం ఉన్నట్టుండి నా దిక్కు తిరిగి పండ్లన్ని ఇగిలిచ్చిండు. నేను చెప్పు పట్టుకొని ఉరికిన, కరుస్తడని! మార్తమ్మ కడుపు వట్టుకొని నవ్వింది. అది నవ్వుడట బిడ్డా. ఈ జాతోళ్ళు ఇష్టమైనోళ్ళను చూస్తే నవ్వుతరట. గప్పటిసంది నేను ఆయనకు రెండో మనిషిని.

ఇగ అసలు ముచ్చట. ఈ కుక్కలు మస్తు తక్కువున్నయి గదా, అందుకని ఎవలంటే వాళ్ళు జత కట్టియ్యద్దట. ఈ జాతి సంగతి తెలిసినామె ఒకామె చూడాలె, కొలవాలె, గుణం పరీక్ష చెయ్యాలె. పాసైతే జోడు దొరుకుతది, పిల్లలైతయి. పాసు గాకుంటే ఖలాస్, ఓటయ్యతోనే ఆయన వంశం ఒడిసినట్టే. మార్తమ్మ మొగనికి ఓటయ్య పిల్లలను చూడాలని మస్తు ఆశ ఉండెనట. ఆయన పోయిండు, ఆశ ఈమె మీద పెట్టి పోయిండు. ఓటయ్యకు ఈడు మీరుతున్నది. గప్పుడు, గా పరీక్ష చేసేటి పెద్దామె దుబాయ్‌ల కొడుకు దగ్గరికి వస్తున్నదని తెలిసింది. మార్తమ్మ బతిమిలాడి ఒక్క పూటకు ఇంటికి పిలిచింది. ఇదొక్కటే మోక అన్నట్టు.

ఆ పొద్దుగాల చూడాలె ఓటయ్యను! సలికాలం ఎండ. తానం పోసి, దువ్వి, తెలుపు తెలుపే, గోధుమరంగు గోధుమరంగే, నిగనిగ మెరుస్తున్నడు. గేటు దగ్గర ఈ లైన్ల ఉన్నోళ్ళందరు జమైన్రు. మలయాళపోళ్ళు, పఠాన్ డ్రైవరు, పిల్లలు, అందరు "అబ్బ, ఎంత ముద్దుగున్నడు" అని ఒకటే చూసుడు. నా పానం ఆగలే. గన్ని కండ్లు ఒక్క పానం మీద పడితే ఏమన్న అయితదా కాదా? నువ్వే చెప్పు. ఇంట్లకు పోయి కాటుక డబ్బ తెచ్చిన. దుకాణంల కాటుక గాదు, నేను చేసింది. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లిచ్చి, మసి తీసి, మళ్ళ ఆముదంతోని నూరింది. మా సుజాతకు పెట్టిన, దాని పిల్లలకు పెట్టిన. ఓటయ్య బుగ్గ మీద, తెల్లగున్న జాగల, ఇంత సుక్క పెట్టిన. మార్తమ్మ లోపట చాయ్ చేస్తున్నది, చూడలే. నా మనసు నిమ్మళమైంది.

పెద్దామె వచ్చింది. పొడుగ్గ, సన్నగ, నవ్వు లేదు. కొలిచే కట్టె తెచ్చింది. భుజం దాంక ఎత్తు కొలిచింది, మంచిగున్నదన్నది. నడిపిచ్చింది, ఎంటికె చూసింది, మంచిగున్నదన్నది. ఓటయ్య మాత్రం ఆమె చెయ్యి తాకితె సాలు, మార్తమ్మ ఎనుకకు పోతున్నడు. గది ఆమెకు నచ్చలే, మొఖంల తెలుస్తున్నది. ఇగ కండ్లద్దాలు పెట్టుకొని మొఖం చూడవోయింది. ఆగిపోయింది. ఏదో అన్నది. మార్తమ్మ మొఖంల నెత్తురు లేదు బిడ్డా.

సుజాతను అడిగిన, ఏమైందే అని. "అమ్మా, ఈ జాతికి నల్ల మచ్చ ఉండద్దట. నల్ల మచ్చ ఉంటే పాసు చెయ్యరట. బుగ్గ మీద నలుపున్నదట" అన్నది. అని నా చెయ్యి దిక్కు చూసింది. నా ఏలుకు ఇంకా నల్లగనే ఉన్నది.

"అది కాటుకే! దిష్టి సుక్కే!" అని ఒర్లిన. సుజాత ఆళ్ళకు చెప్పింది. మార్తమ్మ నా దిక్కు చూసిన చూపు... కోపమో ఏడుపో నవ్వో, అన్ని ఒక్కటే పారి. పెద్దామె నమ్మలే. తడి కాయిదంతోని తుడిచింది. తుడిస్తే పోతదా? ఆముదం కాటుక! సుక్క ఉన్నది గాజంత అయింది. ఇంకింత తుడిచింది, పళ్ళెమంత అయింది. పఠాన్ డ్రైవరు గేటు కాడికెల్లి "అమ్మాజీ, క్యా కర్ దియా!" అని నెత్తి కొట్టుకుంటున్నడు. ఓటయ్య బెదిరి బల్ల కిందికి దూరిండు. మార్తమ్మ పిలిచినా రాలే. పెద్దామె కలం తీసింది. సుజాత మెల్లగ అన్నది, "మరీ పిరికిగ ఉన్నదని రాస్తదేమో అమ్మా" అని.

గప్పుడు లేచిన నేను. "యల్లా, జరుగున్రి అందరు" అన్న. ఇంట్లకెల్లి కొబ్బరినూనె, శనగపిండి తెచ్చిన. నూనె మరక నూనెకే పోతది గదా. నేల మీద కూసున్న, కాళ్ళు సాపిన, బాలింతల ఇండ్లల్ల పిల్లలకు తానం పోస్తరు చూడు, గట్ల. బల్ల దిక్కు చూసి ఒక్కటే మాట అన్న, "రారా నా కొడుకా" అని. తెలుగు ఏమెరుక ఆయనకు? గానీ మెల్లగ మెల్లగ వచ్చిండు. నా కాళ్ళ మీద పండవెట్టిన, ఎల్లెలుకల. నూనె రాసి బుగ్గ రుద్దిన. నొసలు ఒత్తిన, ముక్కు నిమిరిన, చెవులు లాగిన, నాలుగు కాళ్ళు సాగదీసిన. మా మనుమడు గూడ గంత బుద్ధిగ పండలే! శనగపిండి పెట్టి నలుగు లెక్క తీస్తుంటే కండ్లు మూసుకున్నడు, పండ్లన్ని ఇగిలిచ్చిండు. గేటు కాడ మంది అంత ఒకటే నవ్వుడు, చప్పట్లు.

పెద్దామె కలం పక్కకు పెట్టింది. వచ్చి నా పక్కపొంటి నేల మీద కూసున్నది, గంత మంచి ప్యాంటుతోని. నా చెయ్యి చూసి తాను గూడ ఇంత పిండి తీసుకొని గడ్డం కింద రుద్దింది. ఓటయ్య ఒక కన్ను తెరిచి చూసిండు. మళ్ళ కన్ను మూసుకున్నడు. గంతే! కడిగి చూస్తే బుగ్గ పాలలెక్క తెలుపు. పెద్దామె మార్తమ్మ చెయ్యి పట్టుకొని చాలాసేపు మాట్లాడింది. సుజాత చెప్పక ముందే ఓటయ్య పాసైండని నాకు అర్థమైంది, మార్తమ్మ మొగని ఫోటువ దిక్కు చూస్తున్నది గదా.

జర్మనీలనే జోడు దొరికింది. మార్తమ్మ ఓటయ్యను విమానంల తీసుకపోయి తీసుకొచ్చింది. ఐదు పిల్లలైనయి. ఇంకో ముచ్చట ఇను. ఆడ ఒక్క కాన్పుల పుట్టిన పిల్లలకు అన్నిటికి ఒక్క అచ్చరంతోనే పేర్లు పెడుతరట. ఈ కాన్పుకు "ర" వచ్చింది. ఒక ఆడపిల్లకు పేరు నువ్వే పెట్టు అని మార్తమ్మకు ఇచ్చిన్రు. ఒక మాపు గోడ కాడికి వచ్చి ఫోన్ల కాయిదం చూపెట్టింది. సుజాత చదివి బిత్తరపోయింది. రాజవ్వ! నా పేరు బిడ్డా. జర్మనీ కాయిదం మీద నా పేరు.

మా అల్లుడు మొఖం మాడ్చుకున్నడు, "కుక్కకు మా అత్త పేరా!" అని. నేనైతే ఏడ్సిన. నవ్వుకుంట ఏడ్సిన. మా నాయినమ్మ పేరు నాకు పెట్టిన్రు. నా పేరు ఇంట్ల ఎవ్వలు పెట్టుకోలే. పాత పేరు, పిల్లలను బడిల నవ్వుతరు అన్నరు. కాలం గట్లుంది అనుకున్న. నాతోనే పోతదనుకున్న పేరు అది. ఇప్పుడు ఆడ మంచుల, ఎవలో చిన్న పిల్లలు "రాజవ్వా, రాజవ్వా" అని పిలుసుకుంట ఎంట ఉరుకుతరట.

అగో, నీ బండి హారన్ కొడుతున్నది. అన్నం డబ్బ మర్చిపోకు. సల్లగ బతుకు బిడ్డా, నీ పేరు పదిమంది నోట్ల ముద్దుగ పలకాలె. ఆఫీసుల ఎవలన్న జర్మనీకి పోయేటోళ్ళుంటే చెప్పు, ఆడ మా రాజవ్వ ఉన్నది, జర అరుసుకొని రమ్మను... పో, పో, పైలంగ...