కుర్చీలోంచి లేవకుండా తుపాకీ నేర్చిన వెర్లిన్

జోలీన్ ఊరి బయట పొలంలో ఒక్కతే ఉంటుంది. కిందటి నెల ఎవరో కొట్టం తాళం పగలగొట్టి ఆమె దూడల్ని తోలుకుపోయారు. అప్పట్నుంచీ పాపం కంటి మీద కునుకు లేదు. తుపాకీ దగ్గర పెట్టుకు తిరగడానికి పర్మిట్ కావాలని, శనివారం కాల్పులు నేర్పే మైదానంలో, అదే రేంజిలో, జరిగే క్లాసుకి పేరిచ్చింది. ఆ ముక్క దాణా కొట్లో కాఫీ బల్ల దగ్గర, గొప్పలకి పెట్టింది పేరైన వెర్లిన్ గ్రోత్ వినేట్టు అనడమే తప్పయింది.

"శనివారమంతా పాడుచేసుకుంటావా, పిచ్చిదానా! నన్ను చూడు. నేను ఆన్‌లైన్లో చేశాను. వాలుకుర్చీలో పడుకుని, కాళ్ళు వేణ్ణీళ్ళ బకెట్లో పెట్టుకుని, హ్యామ్ శాండ్‌విచ్ తింటూ. శాండ్‌విచ్ అయ్యేలోపు పాఠం కూడా అయిపోయింది."

"మరి పరీక్ష?" అన్నాన్నేను.

"పరీక్షా! ప్రశ్న తెర మీదికి రాకముందే జవాబు నొక్కేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వీడియోలో పాఠం చెప్పే ఆయన ఆగిపోయాడు. టోపీ తీసి, 'వెర్లిన్ గారూ, మిగతాది మీరే చెప్పండి, నేను రాసుకుంటా' అన్నాడు."

"వీడియోలో మనిషి నీతో మాట్లాడాడా?" అంది జోలీన్.

"నెట్ బాగుంటే మాట్లాడతారమ్మాయ్. సరే, ఒరలోంచి తుపాకీ లాగడం సాధన చెయ్యాలి గదా అని టీవీ రిమోటు నడుముకి దోపుకున్నాను. సర్రున లాగానా, టీవీలో వాతావరణం చెప్పే పిల్ల జడుసుకుని రేపటి వాన ఇవాళే కురిపించేసింది! మా కుక్క ముందుకాళ్ళు రెండూ పైకెత్తి గోడకి ఆనుకుని నిలబడింది. నేనంటే అంత హడలు."

"మీ కుక్కకి నీ పాటంటే హడల్రా," అంటూ లేచింది ఆర్డిస్. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి, ఎవరికీ జడవదు. వెనకున్న టాయిలెట్ వైపు వెళ్ళింది.

"పాట సంగతి వేరు. అంతటితో ఊరుకున్నానా? రేంజిలో ఏం వెలగబెడుతున్నారో చూద్దామని అక్కడికీ వెళ్ళాను. జనం చలికి వణుకుతున్నారు. మాస్టారు ఒకటే అరుపు, ట్రిగ్గర్ మీంచి వేలు తియ్, తుపాకీ గొట్టం దించు అని. నేను ఒక్క గుండు పేల్చాను, ఒక్కటే. గురి చూసే నా అట్టకి నడిమధ్యన తగిలింది. ఆగిందా? పక్కవాడి అట్టా, ఆ పక్కవాడి అట్టా, వరసంతా ముగించుకుని, తిరిగొచ్చి నా ముందు గాల్లో నిలబడి, 'ఇంకేమన్నా పనుందా?' అన్నట్టు చూసింది."

"గుండు చూసిందా?"

"చూడకేం! నేను పొమ్మన్నాకే కిందపడింది. మాస్టారు నా భుజమ్మీద పడి ఒకటే ఏడుపు. ఈ కబురు పాకి, మన అయోవా దొంగలంతా ట్రక్కులు మాట్లాడుకుని పక్క రాష్ట్రం నెబ్రాస్కాకి మకాం మార్చేశారు."

"మరి నా దూడలు?"

వెర్లిన్ ఒక గుక్క కాఫీ తాగాడు. "వాడెవడికో నెట్ లేదు కాబోలు."

జోలీన్ పకపకా నవ్వింది. కానీ ఫోను మాత్రం చేతిలోకి తీసుకుంది. "నిజం చెప్పు బాబాయ్. ఇంట్లో చూస్తే సరిపోతుందా? శనివారం పశువుల్ని ఎవరికి అప్పజెప్పాలో తెలీక చస్తున్నా."

"మానెయ్! తుపాకీ నా ఒంట్లో ముక్క. నిద్దట్లో కూడా అదెక్కడుందో నా చేతికి తెలుసు."

ఆమె బొటనవేలు క్లాసు రద్దు చేసే గుర్తు మీదికి వెళ్ళింది.

"ఒరేయ్ వెర్లిన్! ఇప్పుడెక్కడుందిరా?"

తిరిగి చూశాం. ఆర్డిస్ టాయిలెట్ తలుపుకి వీపు ఆనించి, చేతులు చాపి అడ్డంగా నిలబడి ఉంది. ఆమె ఎదుట ఐదేళ్ళ పిల్ల ఒకతె, అర్జెంటు అర్జెంటంటూ గెంతుతోంది.

"ఇందాక లోపలికెళ్ళి, తుపాకీ టాయిలెట్ కాగితం చుట్ట మీద పెట్టొచ్చావు, మహానుభావా! ఈ పిల్ల నాకంటే ముందు దూరబోయింది. జబ్బ పట్టుకు ఆపాను కాబట్టి సరిపోయింది."

వెర్లిన్ చెయ్యి నడుము మీదికి పోయింది. ఒర ఖాళీగా ఉంది. తల వంచుకుని వెళ్ళి తెచ్చుకున్నాడు. వచ్చి కూర్చుని, చల్లారిన కాఫీ చప్పుడు చెయ్యకుండా తాగాడు. ఆయన్ని అలా చూడ్డం మాకు అదే మొదటిసారి.

కప్పు కింద పెట్టి, "ఆ పాఠంలో టాయిలెట్ సంగతి ఎక్కడా చెప్పలేదే!" అన్నాడు.

జోలీన్ రద్దు నొక్కకుండానే ఫోను జేబులో పెట్టేసింది.

"శనివారం నేను అడిగొచ్చి చెప్తాలే, బాబాయ్."