గీత మారితే

పామర్రులో ఒక స్కూలు గేటు ముందు ఆగి ఉన్న పసుపు బస్సు. డ్రైవరు సీట్లో క్రాంతి కుమార్. పక్క సీట్లో అతని అక్క ప్రేమ, విజయవాడ ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చింది.

"సెలైన్‌లో మందు ఎక్కిస్తారు, అంతే. ఛాతీ మీద వైర్లు పెట్టి ఈసీజీ తీస్తూ ఉంటారు. నాకు ఇవాళ చేశారు. ఏమీ లేదన్నారు."

"మంచిదేగా అక్కా."

"నా సంగతి సరే క్రాంతీ. నీ సంగతేంటి?"

"నాకేమైంది? గుండ్రాయిలా ఉన్నాను."

"మన అనుదీప్ అన్నయ్య లేడూ గుండ్రాయిలా? అన్నం తిని పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. నలభై కూడా నిండలేదు."

"ఆ మాటలు ఎందుకిప్పుడు?"

"విను. గుండె కొట్టుకోవాలంటే దాని కణాల్లోకి సోడియం వెళ్ళాలట. కొన్ని కుటుంబాల్లో ఆ దారి పుట్టుకతోనే బలహీనం. ఈ మందు ఆ దారిని ఇంకాస్త మూస్తుంది. జబ్బు దాక్కుని ఉంటే అప్పుడు ఈసీజీలో గీత లేచి కనబడుతుంది."

"సోడియం అంటే ఉప్పేగా. పచ్చళ్ళు మానేస్తాలే."

"తినే ఉప్పు సంగతి కాదు. నవ్వకు."

"ఉన్న దారి మూసి చూస్తారా? అక్కడే పోతేనో?"

"డాక్టర్లు పక్కనే ఉంటారు. గీత మారగానే మందు ఆపేస్తారు."

"నన్ను కూడా ఆపేస్తారు. మళ్ళీ స్టీరింగ్ ఎవడిస్తాడు నాకు?"

"ముందు మనిషి ఉండాలిగా."

"బెల్లు కొట్టే టైమైంది. నువ్వు గుడివాడ బస్సు ఎక్కు."

"ఎక్కను. సోమవారం వస్తానని చెప్పు, నేనే తీసుకెళ్తాను."

"వద్దు."

"భయమా?"

"వద్దన్నానుగా."

"ఒరేయ్, నా వంక చూసి చెప్పు. ఎందుకు వద్దు?"

"అయిపోయింది కాబట్టి."

"ఏం అయిపోయింది?"

"పరీక్ష. పోయిన నెల గుంటూరు వెళ్ళి చేయించుకున్నాను. మందు సగం కూడా ఎక్కలేదు, గీత లేచింది."

"ప్రభువా. మరి బస్సు నడుపుతున్నావా? నీ భార్య రత్నకైనా తెలుసా?"

"ఎవరికీ తెలీదు. గుండె ఆగితే షాక్ ఇచ్చే మిషన్ ఛాతీలో పెట్టించుకోమన్నారు, డ్రైవింగ్ మానేయమన్నారు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే..."

"దిగు. ముందు నువ్వు దిగు."

"పిల్లల్ని ఎవరు దింపుతారు?"

"ఆఫీసులో నేను చెప్తాను. ఇంకో డ్రైవర్ని పిలుస్తారు. దిగు క్రాంతీ."

"డాక్టరు ఇంకో మాట అన్నాడక్కా. నా పాపకి కూడా వచ్చి ఉండొచ్చట. ఈ జబ్బున్నవాళ్ళకి జ్వరం వస్తే ప్రమాదమట. ఇంట్లో ఉంచకుండా వెంటనే తీసుకురమ్మన్నాడు."

"పాపకి కూడా చేయిద్దాం. నిదానంగా అన్నీ చేయిద్దాం. ముందు నువ్వు..."

"ఇందాక నువ్వు ఎక్కేముందు రత్న ఫోన్ చేసింది. పాపకి ఒళ్ళు కాలిపోతోందట. బిళ్ళ వేసి పడుకోబెట్టానంది."